ఏనుగుల ఫండు, మేకల ఫండు

తండ్రి సంతకాన్ని దొంగతనంగా పెట్టడానికి పెద్దకూతురికి పట్టిన సమయం నాలుగు సెకన్లు. చేయి తిరిగిన పనే మరి. ఆరేళ్ల కిందట ఆయన చేతులు వణకడం మొదలైనప్పటి నుంచి ఇంటికొచ్చే ప్రతి కాగితం మీదా ఆయన సంతకం ఆమే పెడుతోంది. ఆయన చెప్పిన మీదటే. ఆయనకు తెలియకుండా పెట్టడం మాత్రం ఇదే మొదలు.

కళ్ళద్దాల దుకాణం అమ్మగా వచ్చిన డబ్బును ఆయన చెరిసగం చేసి, షేర్లు కొనే రెండు ఈటీఎఫ్ ఫండ్లలో పెట్టాడు. ఒకటి లార్జ్ క్యాప్ వాల్యూ, ఇంకొకటి స్మాల్ క్యాప్ వాల్యూ. ఆ పత్రాల మీద సంతకాలూ పెద్దకూతురు పెట్టినవే.

"రెండిటి బుద్ధీ ఒకటే," అని కూతుళ్లిద్దర్నీ కూర్చోబెట్టి చెప్పాడు. "సత్తా ఉండీ చవగ్గా దొరికే కంపెనీల్ని గంపగుత్తగా కొంటాయి. ఒకటి ఏనుగుల్ని కొంటుంది, ఇంకోటి మేకల్ని. ఏనుగు నిదానం, కానీ ఒక పట్టాన కూలదు. మేక ఎగిరి గోడెక్కుతుంది, తోడేలొస్తే ముందు పోయేదీ అదే. నా తర్వాత పెద్దదానికి పెద్దవి, చిన్నదానికి చిన్నవి. పేచీ లేదు కదా?"

"నాకేం తెలుసు నాన్నా, నీ ఇష్టం," అంది చెల్లెలు. ఆమె సిటీ బస్సు డ్రైవరు. డ్యూటీకి వేళయిందని లేచి వెళ్లిపోయింది.

అక్క కూడా సరేనంది గానీ, మర్నాటి నుంచే లెక్కలు మొదలుపెట్టింది. ఆమెది దంతవైద్యుడి దగ్గర రిసెప్షన్లో ఉద్యోగం. లోపల డ్రిల్లు కీచుమంటుంటే, బయట రెండు ఫండ్ల ఇరవయ్యేళ్ల ధరల గీతలను పక్కపక్కన పెట్టుకుని చూసింది. లార్జ్ క్యాప్ గీత, మోకాళ్ల నొప్పులున్న పెద్దమనిషి మెట్లెక్కినట్టు, ఆగి ఆగి పైకి పోయింది. స్మాల్ క్యాప్ గీత రెండుసార్లు సగానికి సగం కూలింది. ఫీజు కూడా కాస్త ఎక్కువే తింది. అయినా చివరికి వచ్చేసరికి మొదటి గీత కన్నా చాలా ఎత్తున నిలబడింది. షరతు ఒక్కటే: కూలినప్పుడు భయపడి అమ్మకూడదు.

తను అమ్మదు. రిటైరవడానికి ఇంకా పదిహేనేళ్లుంది. చెల్లెలైతే మార్కెట్ తుమ్మితే చాలు, అమ్మేసి కూర్చుంటుంది. కాబట్టి మేకలు తనకు రావడం, ఏనుగులు చెల్లెలికి పోవడమే న్యాయం. ఇందులో మోసమేముంది? దాని మేలు కోరి చేస్తున్న పని. ఇలా మూడు వారాలు ఆలోచించి, తన మనసు చాలా మంచిదని నమ్మకం కుదిరాక, నామినీల పేర్లు తారుమారు చేస్తూ కొత్త ఫారం నింపి, సంతకం గీకి, పోస్టులో పడేసింది.

మార్పు నమోదైందని ఉత్తరం వచ్చిన రోజున చెల్లెలికి కొత్త చెప్పులు కొనిచ్చింది.

ఎనిమిది నెలలకు తండ్రి మధ్యాహ్నపు కునుకులోనే పోయాడు. ఏడుపులు, పరామర్శలు అన్నీ అయ్యాక ఫండ్ ఆఫీసు నుంచి ఇద్దరికీ కబురొచ్చింది. అధికారి ముందు అక్కను లోపలికి పిలిచాడు. చెల్లెలు బయట బల్ల మీద కూర్చుంది.

"చిన్న చిక్కొచ్చిందమ్మా. మీ నాన్నగారి నామినేషన్ మార్చమని రెండు ఫారాలొచ్చాయి."

అక్క గొంతులో పచ్చి వెలక్కాయ పడింది.

"మొదటి మార్పుకు ఢోకా లేదు. సంతకం మా రికార్డులతో అచ్చుగుద్దినట్టు సరిపోయింది. గొడవంతా రెండోదానితోనే. ఆయన పోవడానికి వారం ముందు తెచ్చిచ్చారు. సంతకం ఎక్కడా కలవడం లేదు. ఆ పరిశీలన నడుస్తుండగానే ఆయన పోయారు."

"ఎవరు తెచ్చారండీ?"

"మీ చెల్లెలుగారు."

వెలక్కాయ సుఖంగా కిందికి దిగింది. అమ్మ దొంగా, అనుకుంది అక్క. చూస్తే నోట్లో నాలుక లేనట్టుంటుంది!

అధికారి ఫారాన్ని మడిచి, సంతకం ఒక్కటే కనబడేలా ముందుకు జరిపాడు. "మిగతాది చూపించకూడదు, రూలు. ఇది మీ నాన్నగారి సంతకమేనా?"

సిరాలో పడిన చీమ కాగితం మీద దారి వెతుక్కున్నట్టుంది ఆ సంతకం. దొంగసంతకానికైనా కాస్త సాధన ఉండాలి, అనుకుంది అక్క, పనితనం తెలిసిన మనిషిగా.

"కాదండీ. ఆరేడేళ్లుగా ఆయన కాగితాలన్నీ చూసుకున్నది నేనే. ఇది నాన్న సంతకం కాదు."

"ఆ మాట రాసిస్తారా?"

రాసిచ్చింది. దాని మీద ముద్ర పడింది, ఫారం మీద అడ్డగీత పడింది.

"రద్దయింది. ఇక దీన్ని తిరగదోడే వీల్లేదు. కేసు పెడతారా?"

"వద్దండీ. ఎంతైనా తోడబుట్టింది," అంది అక్క, పెద్ద మనసు చేసుకుని.

బయటికొచ్చి చెల్లెలి ముందు నిలబడింది. కడిగెయ్యాలా, పోనీలే అని వదిలెయ్యాలా, ఎటూ తేలలేదు. ఆమె నోరు తెరిచే లోపే చెల్లెలు లేచి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. కళ్లనిండా నీళ్లు.

"చెప్పారా అక్కా? ముందే తెలిస్తే నువ్వు ఒప్పుకోవని దాచాం. నాన్నా, ఇన్నేళ్లూ నిన్ను కనిపెట్టుకుని ఉన్నది అక్క, రెండు ఫండ్లూ తనకే రాయి అని నేనే అన్నాను. నీ చేత పెట్టిస్తే నీకు తెలిసిపోతుందని, పాపం, పావుగంట కూర్చుని ఆ వణికే చేత్తో తనే సంతకం పెట్టాడు."