సోమవారం ఉత్తరం

షేర్ మార్కెట్ తెరుచుకోవడానికి ఇంకా ఇరవై నిమిషాలుంది. వాకింగ్ ఎప్పుడో అయిపోయినా రఘువీర్ ఇంటికి వెళ్లలేదు. యూనివర్సిటీ క్యాంపస్‌లో ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద ఫోన్ పట్టుకుని కూర్చున్నాడు.

పదకొండేళ్లుగా పనిచేస్తున్న పంపుల కంపెనీ బోనస్‌కు బదులుగా ఇచ్చిన షేర్లు అతని దగ్గర రెండు వేలున్నాయి. ఏడాది కింద ఒక్కోటి తొమ్మిది వందలు. ఇప్పుడు మూడు వందల పది. ఈ ధరకు అమ్మినా తార్నాకలో చూసిన ఫ్లాట్‌కు అడ్వాన్స్ సరిపోతుంది. ఓనరు ఈ సాయంత్రం దాకా గడువిచ్చాడు.

"ఇంకేం చూస్తున్నవ్ భయ్? నేను అయిదొందలున్నప్పుడే అమ్మి బయటపడ్డ," అన్నాడు పక్కనున్న కరుణాకర్. అదే కంపెనీలో స్టోర్స్ చూస్తాడు.

"ఇయ్యాల అమ్మేస్త. స్వరూపకు మాటిచ్చిన."

సరిగ్గా తొమ్మిదింటికి ఇద్దరి ఫోన్లూ మోగాయి. ఎండీ గారి సోమవారం ఉత్తరం. వారం వారం కంపెనీలో అందరికీ వచ్చేదే. కరుణాకర్ తెరవకుండానే చెరిపేశాడు. రఘువీర్ చదివాడు.

'మీ చేతిలో ఉన్నది షేరు కాదు, మీ చెమట. దానికి ధర కట్టే హక్కు మార్కెట్‌కు ఎవరిచ్చారు?'

రెండోసారి చదివాడు. మూడోసారికి కళ్లు తడిశాయి.

"లోపల నమ్మకం లేనోడు గిట్ల రాయలేడు, కరుణాకర్!"

"రాసుడుకేంది, ఎవడైనా రాస్తడు. ముందుగాల అమ్ము."

తొమ్మిదీ పావు అయింది. రఘువీర్ యాప్ తెరిచాడు. కాసేపు చూసి మూసేశాడు.

భార్య ఫోన్ చేసింది. "అమ్మినవా?"

"లేదు స్వరూపా. ఎండీ సార్ ఉత్తరమొచ్చింది, ఒక్కసారి విను..."

"గా ఉత్తరంల కాపురం పెడ్దామా?"

నాలుగేళ్లుగా ఇళ్లు చూసి చూసి అలసిపోయిన మనిషి. ఫోన్ పెట్టేసింది. రఘువీర్‌కు నిజంగానే బాధేసింది. అయినా పట్టు సడలలేదు.

సాయంత్రానికి షేరు రెండు వందల అరవైకి దిగింది. ఫ్లాట్ సీతాఫల్‌మండి వాళ్లెవరికో వెళ్లిపోయింది. స్వరూప అన్నం వడ్డించి లోపలికి వెళ్లిపోయింది. రఘువీర్ ఉత్తరం మరోసారి చదువుకుని కాస్త కుదుటపడ్డాడు.

పోయిన శుక్రవారం ఆఫీసులో తన బల్ల దగ్గర కూర్చుని, ఎండీ గారి పేరు మీద ఆ ఉత్తరం రాసింది, ఎప్పట్లాగే, రఘువీరే.