సంఘపెద్ద వేసిన తాళం

“వాడా? చర్చిలోకా? నా కంఠంలో ప్రాణముండగా జరగదు!”

ఆదివారం పొద్దున్నే సంఘపెద్ద పాస్టరు మీద విరుచుకుపడ్డాడు. వాడంటే వీధి చివర తాళాలు బాగుచేసేవాడు. ఒకప్పుడు అవే తాళాలు పగలగొట్టి జైలుకెళ్ళొచ్చాడు. సంఘంలో చేర్చుకోమని ఆరునెలలుగా కాళ్ళరిగేలా తిరుగుతున్నాడు. ఇవాళ ఆరాధన చివర చేర్చుకుంటానని పాస్టరు మాటిచ్చేశాడు.

“రక్షణ అందరికీ అని మొన్న మీరే కదండీ సాక్ష్యం చెప్పారు?”

“అందరికీనే! కాదన్నానా? అందరికీ అంటే మరీ ప్రతివాడికీనా?”

పాస్టరు బైబిలు చంకలో పెట్టుకుని వేదిక వైపు నడిచాడు.

పాట మొదలవగానే తలుపుకి లోపల్నుంచి తాళం వేయడం పెద్దాయన పెట్టిన పద్ధతే. తలుపులోనే బిగించిన తాళం, రెండువైపులా చెవి పడుతుంది. ఆలస్యమైనవాళ్ళు గుమ్మం బయటే. ఇవాళ ఐదు నిమిషాలు ముందే వేసేశాడు. కసికొద్దీ తిప్పేసరికి తాళంచెవి పుటుక్కున విరిగి సగం తాళంలోనే ఉండిపోయింది. చేతిలో మిగిలిన ముక్కని గుట్టుగా జేబులో పడేసుకున్నాడు. పోతే పోయింది, వాడు లోపలికి రాకపోతే అదే పదివేలు!

ముందు వరసలో నిలబడి, కళ్ళు మూసుకుని ప్రార్థన అందుకున్నాడు. ముందు వరస మనిషి, వెనక్కి తిరిగి చూసే అలవాటు ఏనాడూ లేదు. ఆయన ప్రార్థన ముగిసేలోపు పసిపిల్లలు ఓ కునుకు తీసి లేస్తారని పేరు. “ప్రభువా, ఏ ఒక్కరినీ విడిచిపెట్టకు తండ్రీ...” మధ్యలో తలుపు దగ్గర కరకరమని గీరుతున్న చప్పుడు. పాడు ఎలుకలు, అనుకున్నాడు.

ప్రసంగం సగంలో ఉండగా ఆయన షుగరు తన పని మొదలుపెట్టింది. బాత్రూము చూస్తే బయట, ఆవరణలో. కిటికీలన్నిటికీ ఇనుప చువ్వలు. కాళ్ళు మెలిపెట్టుకుని ఓర్చుకున్నాడు. ఇక ఆగలేక తలుపు దగ్గరికి పరుగెత్తాడు. విరిగిన చెవి సంగతి అప్పుడు బయటపడింది.

“బాగానే ఉంది సంబడం!” అంది భార్య. “అందర్నీ లోపలేసి తాళంచెవి విరక్కొట్టారా?”

“బయట ఎవరైనా ఉన్నారా? నాయనా, ఎవరైనా సరే!” పెద్దాయన తలుపు బాదాడు.

“నేనేనయ్యా!” తలుపవతల తాళాలవాడి గొంతు.

పెద్దాయనకి పౌరుషానికి పోయే సమయం కాదది. “బాబ్బాబు, త్వరగా తియ్యి! నిన్ను చేర్చుకోడానికి మొదటి చెయ్యి నేనే ఎత్తుతా.”

“ముక్క అడ్డం పడిందయ్యా. లోపల్నుంచి ఒకరు సాయం పడితే గానీ రాదు. అమ్మగారి పిన్నుతో ఇటు నెట్టండి.”

నెట్టాడు. టక్కుమని తలుపు తెరుచుకుంది. అంత అవసరంలోనూ పెద్దాయనకి అనుమానం ఆగలేదు. “అవునూ, పిలిచీ పిలవకముందే ఎలా పలికావురా? ఇందాకట్నుంచీ ఇక్కడేం చేస్తున్నావు?”

పాస్టరుకి ఉన్నట్టుండి దగ్గొచ్చింది.

తాళాలవాడు తల గోక్కున్నాడు. “ప్రతి ఆదివారం మీరు కళ్ళు మూసుకోగానే తాళం తీసి లోపలికొచ్చి, మళ్ళీ వేసేసి, వెనక బెంచీలో కూర్చుంటున్నానయ్యా. ఇవాళే ఆలస్యమైంది.”