పొరుగింటి చేమంతులు

“ఒక్క పిలక, పిన్నిగారూ. చేమంతిదే.”

“ఇవ్వనమ్మా.”

వెంకటరత్నమ్మ తలైనా ఎత్తలేదు. మల్లెపాదు చుట్టూ మట్టి గుల్ల చేస్తూనే ఉంది. రాజ్యలక్ష్మి కంపదడికి ఇవతల నిలబడి, తను విన్నది నిజమేనా అన్నట్టు మళ్ళీ అడిగింది.

“నిన్న జయాబాయికి ఇచ్చారుగా?”

“ఇచ్చాను.”

“గిరిజమ్మగారికీ ఇచ్చారు.”

“ఆవిడకీ ఇచ్చాను. నీకు మాత్రం ఇవ్వను. ఎండెక్కుతోంది, లోపలికి పో.”

రాజ్యలక్ష్మికి చెంప మీద కొట్టినట్టయింది.

తుంగభద్ర కాలువకు నీళ్ళు వదిలాక కృష్ణాజిల్లా నుంచి వచ్చి, పోతనాళ ఊరి పక్కన పొలాలు కొని క్యాంపు వేసుకున్న కుటుంబాలు వాళ్ళవి. రెండిళ్ళకూ ఒకటే నల్లరేగడి, ఒకటే కాలువ నీరు. అయినా ఆవిడ దొడ్డే ఏడాది పొడుగునా పూసేది. ఎండాకాలం మల్లెలు, తొలకరికి సన్నజాజులు, కార్తీకానికి చేమంతులు, చలికి డిసెంబరం పూలు. ఋతువులన్నీ ఆవిడ గుమ్మంలోనే బండి దిగేవి. దడి దాటి ఇటు తొంగి కూడా చూసేవి కావు.

నిరుడు అడక్కుండానే బుట్టెడు మొక్కలిచ్చింది ఆవిడ. రాజ్యలక్ష్మి వాటిని పసిపిల్లల్లా సాకింది. అన్నీ ఎండిపోయాయి. అంతకుముందు రెండు కాన్పులైనా బిడ్డలు దక్కలేదు. “ఆ పిల్ల చేతిలో ఏదీ బతకదు” అని పేరంటంలో ఎవరో గుసగుసలాడారు. ఆ మాట చెవిన పడ్డప్పటి నుంచి ఆమెకు ఒకటే పంతం. తన చేత్తో నాటినదొకటి బతకాలి. ఈ కార్తీకంలో తన దొడ్డి పూలు పళ్ళెంలో పెట్టుకుని అదే పేరంటానికి పోవాలి. అదీ జరక్కపోతే పుట్టింటికి పోయి ఇక తిరిగి రాకూడదనుకుంది.

చివరికి కాలువగట్టు మీద విరగబూసిన తంగేడును చూసినా ఆమెకు కడుపు రగిలేది. ఎవరు నాటారని, ఎవరు నీళ్ళు పోశారని దానికి అంత పువ్వు!

“చూశారా ఆవిడ పొగరు?” అంది మొగుడు నాగేశ్వరయ్యతో. “నేను ముట్టుకుంటే చస్తాయని అందరిలాగే ఆవిడా నమ్మింది.”

“పోనిద్దూ. పూలేగా, సింధనూరు సంతలో కొనిస్తాను.”

“కొన్న పూలు నాకెందుకండీ?”

మర్నాడు వెంకటరత్నమ్మ పొలానికి అన్నం తీసుకుపోయే వేళ కనిపెట్టి, రాజ్యలక్ష్మి దడి సందులోంచి దూరింది. దొంగమొక్క చావదని చిన్నప్పుడు అమ్మమ్మ అనేది. ఆ మాటను అడ్డం పెట్టుకుంది గానీ, అసలు సంగతి కడుపుమంటే. రెండు చేమంతి పిలకలు పెరికి కొంగులో దాచుకుంది.

సాయంత్రం అవతల తిట్లు మొదలయ్యాయి.

“నా చేమంతి పెరికిన చేతులు పుచ్చిపోనూ! దాని దొడ్డి దుమ్మెత్తిపోనూ! తిండి లేకనా తల్లీ, ఈ దొంగబుద్ధి!”

క్యాంపంతా వినబడేలా, అదీ సరిగ్గా ఈ దడి వైపే తిరిగి. రాజ్యలక్ష్మి వంటింట్లో కూర్చుని పళ్ళు కొరుక్కుంది. రెండు పిలకలకు ఇంత రచ్చా? ఇంత పిసినారిదా ఈవిడ? ఆ కసితోనే ఆషాఢంలో సన్నజాజి తీగ కోసుకొచ్చింది. మళ్ళీ తిట్లు. శ్రావణంలో డిసెంబరం కొమ్మ. మళ్ళీ తిట్లు, ఈసారి ఏడు తరాలనూ కలిపి. ఆవిడ తిట్టిన కొద్దీ ఈమె పట్టుదలగా నీళ్ళు మోసింది.

మొక్కలు బతికాయి. చేమంతి గుబురు కట్టింది. మొగ్గ తొడిగిన రోజు నాగేశ్వరయ్యను చెయ్యి పట్టి లాక్కొచ్చి చూపించి, అక్కడే చతికిలబడి ఏడ్చింది.

కార్తీకం వచ్చింది. పేరంటం నాడు రాజ్యలక్ష్మి పళ్ళెం నిండా పచ్చచేమంతులు కోసింది. తిన్నగా పేరంటానికి పోవచ్చు. పోలేదు. ముందు ఆ పళ్ళెం పక్కింటావిడ కళ్ళముందు తిప్పాలి. ‘నా చేతిలో బతికినవి, చూడండి’ అనాలి. ఆవిడ ముఖం మాడిపోతుంటే కళ్ళారా చూడాలి. లేకపోతే ఇన్నాళ్ళ మంట చల్లారేదెట్లా?

వాకిట్లో అడుగు పెట్టబోతూ ఆగింది. దొడ్లో ఎవరో మాట్లాడుతున్నారు. పక్క ఊరి నుంచి కలుపు తీయడానికి వచ్చే రంగవ్వ గొంతు అది.

“అమ్మా, ఒకటడుగుత, కోపం జేస్కోకు. నీ చెట్లు తీస్కపోయింది పక్కింటామెనే అని నీకు ఎర్కనే గదా?”

“తెలియకేం? మొదటి రోజే తెలుసు.”

“ఎర్కుండి గూడ ఒక్కనాడు మొకం మీద అడగకపోతివి. ఊరంత ఇనేటట్ల తిట్టవడ్తివి. ఏందమ్మా గిట్ల?”

రాజ్యలక్ష్మి పళ్ళెం బిగించి పట్టుకుంది. పరువు కాస్తా పోయిందనుకుంది. వెనక్కి తిరగబోతుంటే ఆవిడ జవాబు వినబడింది.

“నిరుడు నేనిచ్చినవన్నీ చచ్చిపోతే, ఆ పిల్ల దడి పక్కన కూర్చుని ఏడ్చిన ఏడుపు నేను విన్నానే,” అంది వెంకటరత్నమ్మ. “అందుకే ఈసారి ఇవ్వనన్నాను. ఇవ్వనంటేనే కదా దొంగిలిస్తుంది!”

“దొంగిలిచ్చింది, సరే. మరి గన్ని తిట్లెందుకు?”

ఆవిడ నవ్వింది.

“తిట్లు తినకపోతే దొంగమొక్క బతకదే!”