సువార్త ఆర్పాల్సిన మంట

ఉదయం పదీ ఇరవైకి ఫైర్ కాలేజీలో సువార్త ఫైనల్ పరీక్ష మూడోసారి ఆగిపోయింది. ఆమె పైపు ఎత్తేలోపే సీలింగు నీళ్లు చల్లి మంట ఆర్పేసింది.

రాష్ట్రంలో ప్రతి గదికీ అలా మంటను తనే పసిగట్టి ఆర్పే సీలింగు ఉండాలన్నది చట్టం. పరీక్షల కోసం తగలబెట్టే గదికీ అదే పెట్టారు. డిగ్రీ రావాలంటే మాత్రం విద్యార్థి ఒక మంటను తన చేత్తో ఆర్పాలి. సువార్తకు ఇదే ఆఖరి రోజు.

"దాన్ని ఆపించండి మాస్టారూ," అంది జుట్టు పిండుకుంటూ.

"ఆపాలంటే ఫైర్ ఆఫీసరు సంతకం కావాలమ్మా. ఉన్న ఒక్కాయన పోయినేడు రిటైరయ్యాడు," అన్నాడు ఇబ్రహీం మాస్టారు.

"మరి మీరో?"

"నాది పాఠాలు చెప్పే డిగ్రీ."

గుమ్మంలో నిలబడ్డ వంటమనిషి కోటమ్మ నవ్వింది. "నా వంటింటికి రండి సారూ. అక్కడి సీలింగు ఆర్నెల్లు నా సాంబారులో నీళ్లు పోసింది, ముదనష్టపుది. పోపు జోలికి రావద్దని నేర్పించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది."

పరీక్ష ఫలానా గదిలోనే జరగాలని రూల్సులో లేదు. పదకొండింటికి కోటమ్మ మూకుట్లో నూనె పొగలొచ్చేదాకా కాచి ఎండుమిరపకాయలు వేసింది. నూనె భగ్గున అంటుకుంది. సీలింగు ఊరుకుంది. సువార్త దగ్గుతూనే స్టవ్ కట్టేసి మూకుడు మీద మూత బోర్లించింది. ముప్ఫై సెకన్లలో మంట ఆరింది.

"పాసయ్యావమ్మా!" అన్నాడు మాస్టారు.

పరీక్షల బోర్డు మార్కులు వేసేది సీలింగు రాసుకునే రికార్డు చూసి. మధ్యాహ్నం మూడింటికి ఆ రికార్డు వచ్చింది. పదకొండు గంటల రెండు నిమిషాల దగ్గర ఇలా ఉంది: "పోపు. మంట లేదు."