పిందె నిలిస్తే

“పద, ఇంటికి పోదాం. ఇంక చాలు,” అంటూ సుబ్బరావమ్మ సంచీ భుజాన వేసుకుని లేచింది. పిల్లలు లేనివాళ్ళకి వైద్యం చేసే గుంటూరు ఆసుపత్రి వరండా అది. కిటికీలోంచి మిర్చి యార్డుకి పోయే లారీల ఘాటు వస్తోంది.

కోడలు అఖిల ఆవిడ కొంగు పట్టుకుని మళ్ళీ కూర్చోబెట్టింది. “మంచులో దాచిన పిండాల్లో ఇదొక్కటే మిగిలింది అత్తయ్యా. గుమ్మం దాకా వచ్చి వదిలేసి పోతామా?”

“రెండుసార్లు పెట్టారు. రెండుసార్లూ రాలిపోయింది. పిందె నిలవని చెట్టుకి ఎన్ని నీళ్ళు కడితే ఏం లాభమే?”

ఆ మాట పక్క కుర్చీలో ఉన్న ఖుర్షిదాకి చురుక్కుమంది. కూతురు ఫిజాని పరీక్షకి లోపలికి పంపి, పలకరించే దిక్కులేక గోడలు చూస్తూ కూర్చుందావిడ.

“ఏందమ్మా ఆ మాట? పెద్దదానివి, పిల్లని ఎదురుగా పెట్టుకుని చెట్టూ పిందే అంటావా? మా ఫిజాని వాళ్ళత్త అట్టా అంటే నేను ఊరుకోను.”

సుబ్బరావమ్మ ఏదో చెప్పబోయింది. అఖిల ఆవిడ చెయ్యి గట్టిగా నొక్కింది. ఆవిడ తల దించుకుంది.

“నీ మొగుడేడమ్మాయ్? ఇట్టాంటప్పుడు పక్కన ఉండొద్దూ?”

“రాడండి. మామయ్య వచ్చారు. కింద టీ కొట్టు దగ్గరున్నారు.”

“బాగుంది సంబడం. మొగుడు రాడు, అత్త ఇంటికి పద అంటది, మామ టీ తాగుతా కూర్చుంటాడు. ఇంతకీ ఎందుకు నిలవట్లేదంట?”

“పిండం గర్భం గోడని పట్టుకోవాలంటే ఒక జన్యువు సాయం కావాలంటండి. బిస్టిన్ అనో ఏదో చెప్పింది డాక్టరమ్మ. ఒంట్లో ప్రతి కణంలోనూ మాంసకృత్తులు తయారుచేసే రైబోజోములని ఉంటాయంట. వాటిని కట్టే పనిలోనూ అదే ఉంటుందంట.”

“అంటే ఒక్క కోడలు రెండు వంటిళ్ళు చూసుకున్నట్టు. ఏదో ఒక పొయ్యి ఆరిపోక ఏమవుద్ది?”

అఖిల నవ్వింది. ఎన్నాళ్ళకో సుబ్బరావమ్మ పెదవి కూడా కదిలింది.

“అదే కారణమని ఆవిడా గట్టిగా అనలేదండి. అట్టాంటివి ఎన్నో కలిసి రావాలంట. ఇందులో ఎవరి తప్పూ లేదంది.”

“విన్నావామ్మా?” అని ఖుర్షిదా సుబ్బరావమ్మ వైపు తిరిగింది. “తప్పు లేదన్నాక ఇంకెందుకు ఆ పిల్లని సతాయిస్తావు? ఇదీ నిలవకపోతే కొడుక్కి ఇంకోదాన్ని తెద్దామనా?”

సుబ్బరావమ్మ కళ్ళు నిండాయి. కొంగుతో ఒత్తుకుని మెల్లగా అంది. “మా ఇంట్లో మాటలుండవమ్మా. ఆయన చేలోనే ఉంటాడు, చీకటి పడితే అన్నం తిని గోడకి తిరిగి పడుకుంటాడు. టీవీ ఒకటే మాట్లాడుద్ది. పొద్దున్నే ఈ పిల్ల ‘అత్తయ్యా, కాఫీ’ అంటేనే నేనింకా బతికున్నానని తెలిసేది. ఇది నిలిస్తే ఈ పిల్లా వెళ్ళిపోద్ది.”

“పురిటికి పుట్టింటికి పోదా మరి? మళ్ళీ రాదా ఏంది?” ఖుర్షిదా నవ్వేసింది.

అత్తాకోడళ్ళిద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని అలాగే కూర్చున్నారు.

తలుపు తీసుకుని నర్సు వచ్చింది. “రండమ్మా, డాక్టరు గారు రెడీ. గాజులు తీసి మీవాళ్ళకిచ్చి రండి.”

“వెళ్ళమ్మా, అల్లా చల్లగా చూస్తాడు,” అంటూ ఖుర్షిదా అఖిల వీపు నిమిరింది.

అఖిల కదల్లేదు. సుబ్బరావమ్మ లేచి, ఒక్కొక్క గాజూ తీసి కోడలి ఒళ్ళో పెట్టి, నర్సు వెనకాల లోపలికి నడిచింది.

ఖుర్షిదా చెయ్యి అఖిల వీపు మీదే ఆగిపోయింది.

“ఆవిడకి ఒక్కడే కొడుకండి, పోయి మూడేళ్ళు,” అంది అఖిల, మూసిన తలుపుని చూస్తూ. “నాకు మళ్ళీ పెళ్ళి చేయాలని ఆవిడ పట్టు, ఆ ఇంట్లో ఓ బిడ్డ ఏడుపు వినందే గడప దాటనని నాది.”