రిలే దీక్ష

"లెవ్వు పోశయ్యా, లెవ్వు. గేటు ముంగట టెంటేసుడేంది? ఇది మీ అయ్య జాగనా?"

రాయమల్లు లాఠీతో గేటు మీద టంగుమని కొట్టాడు. సెక్యూరిటీ చొక్కా ఒంటి మీద గోనెసంచిలా వేలాడుతోంది. కంపెనీ ఇచ్చిన సైజు అది. సర్దుకోవాలి.

ధర్మసాగర్ రోడ్డు పక్కన కొత్తగా లేచిన డేటా సెంటర్ అది. కిటికీలు లేని తెల్లటి భవనం, లోపల మనుషులకంటే కంప్యూటర్లే ఎక్కువ. లోకంలో ఎవరేం అడిగినా జవాబు చెప్తాయట. ఎక్కడో ఒక మహానుభావుడు తన కుక్క పుట్టినరోజుకు కవిత కావాలంటే, ఇక్కడివి ఆగమేఘాల మీద రాసిపెడతాయట. అంత గొప్ప పనిలో వాటికి వేడి తగలకూడదుగా, రాత్రింబవళ్లు ఏసీలు. కరెంటు రెప్పపాటు కూడా పోదు. పొలాల లైనుకు మాత్రం ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో ఆ దేవుడికే ఎరుక.

గోడ మీద 'ప్రపంచ స్థాయి మేధస్సు' అని బోర్డు. దానికెదురుగా 'రైతుల రిలే దీక్ష' అని బ్యానరు.

"బావా, జర పెద్దసారుకు చెప్పు," అన్నాడు పోశయ్య టెంటు కిందినుంచే. "వరి పొట్టకొచ్చింది. ఇయ్యాల రేపట్ల ఒక్క తడి అందకపోతే పసుల మేతకే. మోటర్లు నడిచేటంత కరెంటన్న ఇడువుమను."

"బావ లేదు, గీవ లేదు. డ్యూటీల ఉన్న. ఆటో స్టార్టర్లు పెట్టి ఇంట్ల పంటరు, మోటర్లు కాలినంక కంపెనీ మీద పడి ఏడుస్తరు. అసలు వరి ఎవడెయ్యమన్నడు మిమ్ముల?"

టెంటులో పోశయ్య పక్కన కూర్చున్న యాకమ్మ మూతికి కొంగు అడ్డం పెట్టుకుంది.

రోడ్డవతల నీళ్లు రాని కాలువ కింద మడి నెర్రెలిచ్చింది. రాయమల్లు పొద్దుటినుంచీ అటువైపు చూడలేదు.

ఫోన్ మోగింది. లోపలినుంచి మేనేజరు.

"శభాష్ గార్డ్. కెమెరాలో చూస్తున్నా. నిన్న సాయంత్రం కూడా బాగా తిట్టావు. ఇలాగే ఉండాలి."

నిన్న సాయంత్రం డ్యూటీ రాయమల్లుది కాదు. ఆ మాట చెప్పలేదు. ఆ సారుకు చొక్కాలు తప్ప మనుషులు కనబడరు. ఇంత మేధస్సు పక్కన కూర్చుని ఆయనకు అబ్బిన తెలివి అది.

"సరే సార్," అన్నాడు.

షిఫ్టు సైరన్ కూసింది. దీక్షలోనూ మనుషులు మారే వేళయింది. పోశయ్య తుండుగుడ్డ దులుపుకుని లేచి, గార్డు గది వెనక్కి నడిచాడు. కెమెరా అందని మూల అది.

రాయమల్లు అక్కడికే వెళ్లి ఆ వదులు చొక్కా విప్పి, అది సరిగ్గా సరిపోయే, సాయంత్రం డ్యూటీ ఎక్కే పోశయ్యకిచ్చి, లాఠీ కూడా చేతిలో పెట్టి, టెంటు కింద అతను లేచిన చోటే కూర్చుని, కాలువ కింద ఎండుతున్న తన మడి వైపు అప్పుడు చూశాడు.