కొసరు వేసిందెవరు?

మొయినాబాద్ బస్టాపు పక్కన నీలమ్మ క్యారెట్లు తూచింది. తక్కెడ కింద పెట్టింది. పెట్టాక ఇంకొకటి తీసి సంచిలో వేసింది.

"వచ్చినప్పుడల్ల ఎందుకవ్వ ఎక్కువేస్తవు?" అంది సాహిత్య.

"కొసరు బిడ్డా. కొసరు లేకుంటె అదేం బేరం?"

మొదటిసారి కొన్ననాడు నీలమ్మ "ఎవరి బిడ్డవు?" అని అడిగింది. ఆలూరు వనిత కూతురినని చెబితే కాసేపు కన్నార్పకుండా చూసింది. అప్పటినుంచీ ఇదే వరస.

చేవెళ్లలో చెప్పుల దుకాణం మీద కూడా కంప్యూటర్ కోర్సు బోర్డు వేలాడుతున్న రోజులవి. సాహిత్య మాత్రం ఫిజిక్సును వదల్లేదు. రేపటి ఇంటర్వ్యూలో పరిశోధనకు సీటు రాకపోతే కంప్యూటర్లు నేర్వాల్సిందేనని బాపు తేల్చి చెప్పాడు.

ఇంటర్వ్యూలో ప్రొఫెసర్ ఒకటే అడిగారు.

"సృష్టి మొదట్లో పదార్థమూ, దానికి వ్యతిరేకమైన ప్రతిపదార్థమూ సమానంగా పుట్టాయి. రెండూ తగిలితే రెండూ మాయం, వెలుగే మిగులుతుంది. మరి మనమెలా మిగిలాం? మామూలు మాటల్లో చెప్పమ్మా."

సాహిత్యకు ఎందుకో నీలమ్మ చెయ్యి గుర్తొచ్చింది.

"కొసరు సార్."

"ఏమిటీ?"

"వందకోట్ల ప్రతికణాలకు వందకోట్ల మీద ఒక్క కణం. మిగతావన్నీ ఒకదానికొకటి చెల్లు. ఆ ఒక్క కొసరుతోనే చుక్కలు, భూమి, మనం. కణాలు విరిగే తీరుకు, ప్రతికణాలు విరిగే తీరుకు జర తేడా ఉన్నదని ప్రయోగాల్ల తేలింది. కానీ ఇంత కొసరుకు ఆ తేడా చాలదు."

"మరి కొసరు వేసిందెవరు?" ఆయన నవ్వారు.

"తెల్వదు సార్. తెలుసుకుందామనే వచ్చిన."

వారానికి సీటొచ్చింది.

మిఠాయి పొట్లంతో బస్సు దిగితే నీలమ్మ చోటు ఖాళీగా ఉంది.

"పోయింది బిడ్డా," అంది పక్కన పూలమ్మే అంతమ్మ. "మొన్న ఛాతి నొప్పన్నది. దవాఖానకు తీస్కపోయేలోపే."

సాహిత్య అక్కడే కూర్చుని ఏడ్చింది. ఒక్కసారి కాళ్లకు మొక్కుదామనుకుంది, అదీ దక్కలేదు.

ఇంటికొచ్చి అమ్మకు అంతా చెప్పింది. వనిత చేతిలోని చేట పక్కన పెట్టింది.

"ఏ నీలమ్మ? మా ఆలూరు మంత్రసానా?"

"నీకు తెలుసా?"

వనిత కూతురి తల నిమిరింది.

"నువ్వు పుట్టినప్పుడు ఏడ్వలే బిడ్డా. నీ నోట్లె ఊది ఊది ఆమెకే ఆయాసమొచ్చింది. ఇగ లేదని అందరం అనుకున్నం. ఆమె కూడ నిన్ను కింద పెట్టింది... పెట్టినంక, కొసరుకు ఇంకొక్కసారి ఊదింది."